తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న గేటు దాటి లోపలికి రాగానే నా కళ్ళు ముందు వెతికింది మన గంటను. ఆఫీసు గది వరండాలో వేలాడే ఆ రైలు పట్టా ముక్క. కొట్టే ఇనుప కడ్డీ మారింది గాని పట్టా అదే. నేను 1969లో ఇక్కడ ఆరో తరగతిలో చేరి 1974లో పదో తరగతి పూర్తి చేశాను. ఆ అయిదేళ్ళూ మా ప్రాణం ఆ గంట మీదే ఉండేది. ఒక దెబ్బ కొడితే పీరియడ్ అయిపోయినట్టు. ఆగకుండా గణగణమని కొడితే ఇంటికి పొమ్మని. చివరి పీరియడ్ లెక్కలైతే ఆ చప్పుడు ఎంత తియ్యగా ఉండేదో నాతో కూర్చున్నవాళ్ళకు తెలుసు. లెక్కల మాస్టారు ఈ వేదిక మీదే ఉన్నారు కాబట్టి ఇంతకన్నా చెప్పను. ఆ గంట సంగతి మళ్ళీ చివర్లో వస్తుంది.

మన సంఘం కార్యదర్శి నెల కిందట నాకు ఫోన్ చేశాడు. “ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పావు, పదకొండేళ్ళు చీఫ్ వార్డెన్‌గా కూడా చేశావు కదా, ఆపద వచ్చినప్పుడు కాలేజీ ప్రాంగణాన్ని కాపాడుకోవడం గురించి ఒక అరగంట మాట్లాడు” అన్నాడు. స్వర్ణోత్సవానికి ఇంత మంచి కబుర్లుండగా ఈ భయాల గోల ఎందుకురా అన్నాను. అప్పుడు అసలు విషయం చెప్పాడు. స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చెయ్యాలన్న చర్చలో మూడు సూచనలు వచ్చాయట. ఎత్తయిన ప్రహరీగోడ, దాత పేర్లు చెక్కిన కమానుతో పెద్ద గేటు, చుట్టూ సీసీ కెమెరాలు. పిల్లల భద్రత కోసం. మంచి ఉద్దేశమే. నేను కూడా ఒకప్పుడు అలాగే ఆలోచించాను. అలా ఆలోచించడం వల్ల నా చేతుల మీదుగా ఏం జరిగిందో చెప్పడానికే ఈ రోజు ఒప్పుకున్నాను. దానికి ముందు, ప్రపంచమంతటికీ తెలిసిన ఒక సంఘటన చెబుతాను.

2007 ఏప్రిల్ 16, సోమవారం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, బ్లాక్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఉన్న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం. ప్రాంగణం 2,600 ఎకరాలు. పెద్ద భవనాలే నూటముప్పయికి పైగా. వాహనాలు లోపలికి వచ్చే దారులు 16. విద్యార్థులు, ఉద్యోగులు కలిపి సుమారు 35 వేల మంది. మన లెక్కలో అది ఒక పట్టణం. దానికి ప్రహరీ లేదు.

ఉదయం 7:15 ప్రాంతంలో ఒక హాస్టల్లో ఇద్దరు విద్యార్థులను ఎవరో తుపాకీతో కాల్చారు. పోలీసులు వెంటనే వచ్చారు. ఇది వ్యక్తిగత కక్ష అయి ఉంటుందని, కాల్చినవాడు ఈపాటికి ప్రాంగణం దాటి వెళ్ళిపోయి ఉంటాడని అనుకున్నారు. చనిపోయిన అమ్మాయి స్నేహితుడి కోసం వెతకసాగారు. విశ్వవిద్యాలయం పెద్దలు సమావేశమై ఏం చెయ్యాలో చర్చించారు. విద్యార్థులకు మొదటి ఈ-మెయిలు వెళ్ళింది 9:26కి. కాల్పుల సంఘటన జరిగింది, జాగ్రత్తగా ఉండండి అన్నది దాని సారాంశం. ఇద్దరిని కాల్చి చంపారని గాని, కాల్చినవాడు దొరకలేదని గాని అందులో లేదు. అప్పటికే పిల్లలు తొమ్మిది గంటల క్లాసుల్లో కూర్చుని ఉన్నారు.

9:40 ప్రాంతంలో అదే మనిషి నోరిస్ హాల్ అనే ఇంజనీరింగ్ భవనంలోకి వెళ్ళి, మూడు ముఖ్య ద్వారాలకూ లోపలి నుంచి గొలుసులు వేసి తాళాలు బిగించాడు. సుమారు 11 నిమిషాల్లో 30 మందిని చంపాడు. ఉదయం ఇద్దరితో కలిపి 32 మంది. చివరికి తనను తాను కాల్చుకున్నాడు. చనిపోయినవారిలో తమిళనాడులోని ఈరోడ్ జిల్లా నుంచి వెళ్ళి అక్కడ జలవనరుల ఇంజనీరింగ్ చెబుతున్న ఆచార్య జి.వి. లోగనాథన్ ఉన్నారు. ఆయన క్లాసులోనే కూర్చున్న ముంబయి విద్యార్థిని ఒకామె ఉంది.

మనకు అప్పటికి సాయంత్రం ఏడు దాటింది. టీవీలో వార్త రాగానే మా కాలేజీ క్వార్టర్సులో ఫోన్లు మోగడం మొదలైంది. నా తోటి లెక్చరరు కొడుకు అమెరికాలోనే, అయితే వేరే రాష్ట్రంలో చదువుతున్నాడు. వేరే రాష్ట్రమని ఆయనకూ తెలుసు. అయినా పిల్లవాడి గొంతు వినేదాకా కుదుటపడలేదు. మీలో చాలామంది పిల్లలు అక్కడున్నారు, కాబట్టి ఆ రాత్రి సంగతి నేను వివరించనక్కర్లేదు.

తర్వాత ఆ రాష్ట్ర గవర్నరు వేసిన విచారణ సంఘం ఆగస్టులో నివేదిక ఇచ్చింది. చీఫ్ వార్డెన్‌గా ఉన్న నేను దాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. అందులో నేను నేర్చుకున్న మొదటి సంగతి, అంత పెద్ద ప్రాంగణాన్ని మొత్తం మూసెయ్యడం సాధ్యమయ్యే పని కాదని. నూటముప్పయి భవనాలకు తాళాలు వెయ్యడానికి ఎంతమంది కావాలి, ఎంతసేపు పడుతుంది? ఇంటి తలుపు వేసుకున్నట్టు కాలేజీ తలుపు వేసుకోలేం. పైగా ఆ మనిషి అక్కడి విద్యార్థే. గుర్తింపు కార్డు ఉన్నవాడు. ఎంత ఎత్తు గోడ కట్టినా, గేటు దగ్గర ఎంతమంది కాపలా ఉన్నా, నమస్కారం పెట్టి లోపలికి పంపేవారు.

రెండో సంగతి, చెప్పడంలో జరిగిన ఆలస్యం. సరైన సమాచారం పూర్తిగా తెలిశాక చెబుదామనుకున్నారు. తప్పుడు కబురు చెబితే 35 వేల మంది కంగారు పడతారని జంకారు. బాధ్యత గల పదవిలో కూర్చున్న ఎవరికైనా ఆ జంకు అర్థమవుతుంది. కాని ఆ రెండు గంటలూ పిల్లలకు తమ జాగ్రత్త తాము తీసుకునే అవకాశం లేకుండా పోయింది. అమెరికాలో 1990 నుంచే క్లెరీ చట్టమని ఒకటి ఉంది. 1986లో తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైన ఒక విద్యార్థిని పేరు మీద వచ్చింది. కాలేజీలు తమ ప్రాంగణాల్లో జరిగే నేరాలను దాచకుండా చెప్పాలన్నది దాని సారం. వర్జీనియా టెక్ తర్వాత 2008లో దానికి సవరణ చేసి, ప్రాణాపాయం ఉందని నిర్ధారణ కాగానే జాప్యం లేకుండా అందరికీ తెలియజెయ్యాలని చేర్చారు.

మూడో సంగతి తలుపులది. నోరిస్ హాల్ తరగతి గదుల తలుపులకు లోపలి నుంచి తాళం వేసుకునే వీలు లేదు. 205 నంబరు గదిలో విద్యార్థులు ఒక బల్లను తలుపుకు అడ్డంగా తోసి, నేల మీద పడుకుని కాళ్ళతో చేతులతో పట్టి ఉంచారు. బయటి నుంచి తలుపులోకి కాల్చినా వాళ్ళు వదల్లేదు. ఆ గదిలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. పక్కన 204లో లివియు లిబ్రెస్కు అనే 76 ఏళ్ళ ఆచార్యుడు, రొమేనియాలో పుట్టి నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డవాడు, తలుపుకు తన శరీరాన్ని అడ్డుపెట్టి పిల్లల్ని కిటికీల్లోంచి దూకమన్నాడు. ఎక్కువమంది దూకి బతికారు. ఆయన పోయాడు. పోలీసులు లోపలికి రావడానికి గొలుసులు అడ్డమై, వేరే తలుపు తాళాన్ని తుపాకీతో పేల్చి రావలసి వచ్చింది.

గమనించండి. ఒకే భవనంలో ఒక తలుపు మూతపడటం వల్ల ప్రాణాలు నిలిచాయి, ఇంకో తలుపు మూతపడటం వల్ల పోయాయి. మూసింది ఎవరు, తియ్యగలిగేది ఎవరు అన్నదే తేడా. లోపలున్నవాడి చేతిలో ఉన్న గడియ రక్షణ. బయటివాడి జేబులో ఉన్న తాళం చెవి ప్రమాదం.

ఇది నేను 2007లో పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. అంతకు ఏడెనిమిదేళ్ళ ముందే నాకు అనుభవమైంది.

అప్పటికి నేను చీఫ్ వార్డెన్ అయి రెండేళ్ళు. కాలేజీ పేరు చెప్పను, అవసరం లేదు. మూడంతస్తుల అమ్మాయిల హాస్టలు. తల్లిదండ్రుల సమావేశంలో భద్రత చాలదని గొడవ జరిగింది. ఎవరో ఆకతాయిలు వెనక గుమ్మం దాకా వచ్చారని ఒక తండ్రి గట్టిగా నిలదీశాడు. నేను అక్కడికక్కడే ఉత్తరువు ఇచ్చాను. వెనక మెట్ల గుమ్మానికి శాశ్వతంగా తాళం. ముందు కొలాప్సిబుల్ గేటుకు రాత్రి పది దాటితే తాళం. ముందు తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వెనక తాళం చెవి నా దగ్గర. సమావేశంలో చప్పట్లు కొట్టారు. యాజమాన్యం మెచ్చుకుంది. ఆ రోజు నేను చాలా సమర్థుడినని అనుకున్నాను.

అయిదు నెలలు గడిచాయి. ఒక రాత్రి ఒంటిగంటన్నరకు ముందు మెట్ల కింద ఉన్న మీటరు బోర్డు అంటుకుంది. మంట పెద్దది కాదు. వైర్ల మీది తొడుగులు కాలి నల్లటి పొగ మెట్ల గుండా పైకెక్కింది. దీపాలు పోయాయి. అమ్మాయిలు చీకట్లో దగ్గుతూ ముందు గేటు దగ్గరికి వచ్చి చూస్తే తాళం. వాచ్‌మన్ మెయిన్ గేటు దగ్గర తన జోడీతో టీ తాగడానికి వెళ్ళాడు. రాత్రి కాపలా మనిషి టీ తాగడం నేరం కాదు. తాళం చెవి అతని జేబులో ఉంది. వెనక్కి పరుగెత్తారు. అక్కడా తాళం. ఆ తాళం చెవి అర కిలోమీటరు దూరంలో మా ఇంట్లో బీరువాలో ఉంది.

ఆ తాళాన్ని పగలగొట్టింది మెస్‌లో వంట చేసే ఒకావిడ. మెస్ పక్క గదిలో పడుకునేది. అరుపులు విని లేచి, రుబ్బురోలు పొత్రం ఎత్తుకొచ్చి, తాళం మీద కొడుతూనే ఉందట, గొళ్ళెం ఊడేదాకా. నేను పరుగెత్తుకుంటూ చేరేసరికి పిల్లలంతా ఆ వెనక గుమ్మం లోంచే బయటికి వస్తున్నారు. నా చేతిలో తాళం చెవి అలాగే ఉంది.

ఎవరి ప్రాణమూ పోలేదు. అది దేవుడి దయ, ఆవిడ చేతుల చలవ. పొగ పీల్చిన ముగ్గురు ఆస్పత్రిలో రెండు రోజులున్నారు. అంతకుముందే భయంతో మొదటి అంతస్తు నుంచి దూకిన ఒక అమ్మాయికి కాలి మడమ నుజ్జయింది. మర్నాడు వాళ్ళ నాన్నగారు పల్లెటూరి నుంచి వచ్చారు. ఆయన నన్ను తిట్టలేదు. “లోపలికి ఎవరూ రాకుండా చూడమన్నాం గాని, లోపలివాళ్ళు బయటికి రాకుండా చూడమన్నామా మాస్టారూ?” అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కాలేజీ విచారణలో కారణం షార్ట్ సర్క్యూట్ అని రాశారు. నా ఉత్తరువు మాట ఎక్కడా రాలేదు. నేనూ చెప్పలేదు. వాచ్‌మన్‌ను మాత్రం ఉద్యోగం నుంచి తీసేశారు. నేను నోరు విప్పి ఉంటే అతని ఉద్యోగం నిలిచేదేమో. ఈ మాట ఇంతమంది ముందు చెప్పడం ఇదే మొదటిసారి.

ఆ రాత్రి ఇంకో రెండు విషయాలు కూడా బయటపడ్డాయి. ఫైరింజను పావుగంటలోనే వచ్చింది, కాని మా కాలేజీ కమాను కింద ఆగిపోయింది. పైనున్న నిచ్చెన తగులుతుందని డ్రైవరు సాహసించలేదు. వెనక్కి తిప్పి పొలాల వైపు దారిన రావలసి వచ్చింది. ఆ కమాను కట్టించిన దాత పేరు దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది. కట్టేటప్పుడు దాని కింద నుంచి ఏం వెళ్ళాలో ఎవరూ ఆలోచించలేదు. పెద్ద భవనాలున్న చోట ప్రవేశద్వారం కనీసం 6 మీటర్ల వెడల్పు, పైన కట్టడం ఉంటే దాని కింద 4.5 మీటర్ల ఎత్తు ఉండాలని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మేం సివిల్ ఇంజనీర్లను తయారు చేసే కాలేజీవాళ్ళం.

రెండోది లెక్క. బయటికి వచ్చినవాళ్ళను లెక్కపెడితే రిజిస్టరు కన్నా ఇద్దరు తక్కువ. అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు ఆ పొగలోకి మళ్ళీ వెళ్ళి మూడంతస్తుల్లో మంచాల కింద, స్నానాల గదుల్లో వెతికారు. ఆ అమ్మాయిలిద్దరూ సాయంత్రమే సంతకం పెట్టకుండా ఊళ్ళో వాళ్ళ పిన్నిగారింటికి వెళ్ళి నిద్రపోతున్నారు. తెల్లారాక తెలిసింది. అటెండెన్స్ రిజిస్టరును మనం ఫీజుల కోసం, పరీక్షకు కూర్చోనివ్వడం కోసం అనుకుంటాం. లోపల ఎంతమంది ఉన్నారో తెలియకపోతే, లేని మనిషి కోసం ఉన్న మనిషి ప్రాణం ఒడ్డవలసి వస్తుందని ఆ రాత్రి తెలిసింది.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి అంటుకుందని వార్త వచ్చినప్పుడు నేను పేపరు పూర్తిగా చదవలేకపోయాను. 94 మంది చిన్నపిల్లలు. మధ్యాహ్న భోజనం వండే చోట మొదలైన మంట తాటాకు కప్పుకు పాకింది. పైనుంచి దిగడానికి ఒకే ఒక ఇరుకు మెట్లదారి. ఆ దుర్ఘటన తర్వాత సుప్రీంకోర్టులో వేసిన పిటిషను మీద 2009లో వచ్చిన తీర్పు, దేశంలో ప్రతి బడీ అగ్నిప్రమాద భద్రత పాటించాలని, మంటలార్పే సాధనాలు పెట్టాలని, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని చెప్పింది. సాధనాలు గోడలకు వేలాడుతున్నాయి. వాటి పిన్ను లాగడం ఎంతమంది ఉపాధ్యాయులకు వచ్చో, ఇక్కడ ఉన్నవారు ఎవరికి వారు మనసులో జవాబు చెప్పుకోండి.

ఇక కాలేజీలకున్న ప్రత్యేకమైన చిక్కు. ఆపద అన్న మాట ఒక్కటే గాని చెయ్యవలసిన పనులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మంటలొస్తే బయటికి పరుగెత్తాలి. తుపానొస్తే బయటికి అడుగు పెట్టకూడదు. ఆయుధంతో మనిషి వస్తే తలుపు మూసి చప్పుడు చెయ్యకుండా ఉండాలి. ప్రయోగశాలలో విషవాయువు లీకైతే గాలి ఎటు వీస్తుందో చూసి దానికి అడ్డంగా పోవాలి. అందుకని “ప్రమాదం” అని అరిస్తే చాలదు, ఏం చెయ్యాలో కూడా అదే క్షణాన తెలియాలి. ఇంట్లో అయితే అమ్మ చెబుతుంది. వెయ్యి మంది ఉన్న చోట ఎవరు చెప్పాలి? ప్రిన్సిపాలు గారు ఊళ్ళో లేరు, వైస్ ప్రిన్సిపాలు ఫోను ఎత్తడం లేదు, మరి గంట కొట్టమనే అధికారం ఎవరిది? చాలా సంస్థల్లో ఈ ప్రశ్నకు జవాబు రాసి ఉండదు. మా కాలేజీలో మేం చివరికి ఇలా రాసుకున్నాం: ప్రమాదాన్ని ముందు చూసినవాళ్ళు ఎవరైనా సరే గంట కొట్టవచ్చు. అటెండరు అయినా, మొదటి సంవత్సరం పిల్లవాడు అయినా. పొరపాటున కొడితే శిక్ష లేదు. మొదట్లో రెండుసార్లు తుంటరితనంగా కొట్టారు. తర్వాత మానేశారు.

ఫోన్లు ఉన్నాయి కదా, ఒక్క నిమిషంలో అందరికీ మెసేజి పంపవచ్చు కదా అంటారు. పంపాలి. కాని దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు పనిచెయ్యలేదు, రోజుల తరబడి మాట కలవలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్ ప్రాంగణంలో దశాబ్దాల నాటి చెట్లు వేళ్ళతో సహా కూలి దారులకు అడ్డం పడ్డాయి. వాతావరణ శాఖ ముందే హెచ్చరించడం వల్ల జనం ఇళ్ళల్లో ఉన్నారు. కబురు ముందు అందింది కాబట్టి సరిపోయింది. ఆపద మొదలయ్యాక అందించాలంటే ఫోను ఉండేది కాదు. అలాంటప్పుడు పనికొచ్చేవి ఈలలు, చేతిలో పట్టుకునే మైకు, మన రైలు పట్టా గంట.

ఫోను వల్ల మరో ఇబ్బంది కూడా ఉంది. మనం నిజం చెప్పేలోపు పుకారు పదిమంది ఊళ్ళు చుట్టొస్తుంది. అరగంటలో తల్లిదండ్రులు స్కూటర్లు, ఆటోలు వేసుకుని గేటు దగ్గరికి వచ్చేస్తారు. వాళ్ళను తప్పుపట్టలేం. కాని ఆ బళ్ళ మధ్య నుంచి అంబులెన్సు కదలదు. అందుకే తల్లిదండ్రులు ఎక్కడికి రావాలో, పిల్లల్ని ఎవరి చేత అప్పగిస్తారో ముందే చెప్పి ఉంచాలి. అది మెయిన్ గేటు కాకూడదు.

కెమెరాల గురించి ఒక్క మాట. అవి జరిగింది చూపిస్తాయి. తలుపు తియ్యవు, కాలు విరిగినవాళ్ళను మోయవు. వర్జీనియా టెక్ నివేదికలో నన్ను ఎక్కువ కలతపెట్టిన భాగం తుపాకీ గురించి కాదు. ఆ విద్యార్థి మనసు బాగాలేదన్న సూచనలు పాఠం చెప్పేవారికి, హాస్టల్ వారికి, పోలీసులకు, వైద్యం చేసేవారికి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్కగా తెలుసు. ఆ ముక్కలన్నీ ఒక చోట కలవలేదు. చట్టం ఒప్పుకోదేమోనని ఒకరికొకరు చెప్పుకోలేదు. మన పిల్లల చేతుల్లో తుపాకులు ఉండవు. కాని గదిలో తలుపేసుకుని తనను తాను చంపుకోవాలనుకునే పిల్లలు మన కాలేజీల్లోనూ ఉన్నారు. ఆ పిల్లవాడు మూడు రోజులుగా మెస్‌కు రావడం లేదని వడ్డించేవాడికి తెలుసు, క్లాసుకు రావడం లేదని లెక్చరరుకు తెలుసు, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని పక్క మంచం వాడికి తెలుసు. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే అదే పెద్ద భద్రత. దానికి ఖర్చు లేదు.

ఆ రాత్రి తర్వాత మేం మా హాస్టల్లో ఏం చేశామో చెప్పి ముగిస్తాను. తల్లిదండ్రుల భయం అబద్ధం కాదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, నిజమే. కాబట్టి రెండు గుమ్మాలకూ బయటి నుంచి తెరవలేని, లోపలి నుంచి ఎవరైనా ఒక్క చేత్తో తియ్యగలిగే గడియలు పెట్టించాం. రాత్రి గడియ తీస్తే వాచ్‌మన్ దగ్గర గంట మోగుతుంది. ఎవరూ దొంగతనంగా వెళ్ళలేరు, ఎవరూ లోపల చిక్కుకోరు. మీటరు బోర్డును మెట్ల కింద నుంచి బయటి గోడకు మార్చాం. ఏడాదికి రెండుసార్లు చెప్పకుండా గంట కొట్టి అందరినీ మైదానంలోకి రప్పించాం. మొదటిసారి పావుగంట పట్టింది. పిల్లలు నవ్వుకుంటూ, బకెట్లు సర్దుకుంటూ వచ్చారు. మూడోసారికి అయిదు నిమిషాల్లో వచ్చి వరసలో నిలబడ్డారు. చంకకర్రలతో నడిచే ఒక అమ్మాయికి ఆ అంతస్తులో ఇద్దరు స్నేహితురాళ్ళను ముందే ఏర్పాటు చేశాం. ఆ అమ్మాయే అడిగింది, “సార్, వాళ్ళిద్దరూ ఊరెళ్తే?” అని. అప్పుడు నలుగురి పేర్లు రాశాం.

ఇప్పుడు స్వర్ణోత్సవ కమిటీకి నా విన్నపం. గోడ కట్టండి, కాదనను. కమాను కట్టండి, నా చందా కూడా తీసుకోండి. కాని ఫైరింజను డ్రైవరును ఒకసారి పిలిచి, అతను సరేనన్నాక పునాది తియ్యండి. గోడకు వెనక వైపు రెండో గేటు ఒకటి ఉంచండి, దాని గడియ లోపలి వైపు ఉండాలి. కొత్త భవనానికి రెండో మెట్లదారి కట్టించండి. ఇప్పుడున్న ఒక్క మెట్లదారిలో నేను ఈ పొద్దున్న దిగుతుంటే ఎదురుగా పదిమంది ఎక్కుతున్నారు, పక్కకు ఒదిగి నిలబడవలసి వచ్చింది. పైన ఆరు తరగతులు కూర్చుంటాయి. కెమెరాలకు పెట్టే డబ్బులో సగం ఆ మెట్లకు పెట్టండి. మెట్ల మీద దాత పేరు రాయడానికి చోటు తక్కువే, కాని ఎక్కిన ప్రతివాడూ దాని మీద నుంచే నడుస్తాడు.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. మన గంటకు ఇంకో రెండు భాషలు నేర్పండి. ఇంటి గంటలా కాకుండా, రెండు రెండు దెబ్బలుగా ఆగి ఆగి కొడితే ఉన్నచోటే తలుపు వేసుకుని ఉండమని. మూడు మూడు దెబ్బలుగా కొడితే మైదానంలోకి రమ్మని. ఒక నెల రోజులు ప్రార్థన సమయంలో చెబితే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. మాకు ఆ ఇంటి గంట ఏభై ఏళ్ళయినా గుర్తుంది కదా.

ఆఖరున ఒక కబురు. ఆ మడమ దెబ్బతిన్న అమ్మాయి తర్వాత చదువు పూర్తి చేసింది. కొన్నాళ్ళు కొద్దిగా కుంటుతూ నడిచేది. ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మూడేళ్ళ కిందట ఫోన్ చేసి, “సార్, మా కాలేజీలో నన్ను హాస్టల్ వార్డెన్‌గా వేశారు. మొదటి రోజు ఏం చెయ్యమంటారు?” అని అడిగింది. రాత్రి పదిన్నరకు వెళ్ళి ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి, తాళం చెవి ఎవరి దగ్గర ఉందమ్మా అని అడగమన్నాను. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, “అది అడిగాకే మీకు ఫోన్ చేస్తున్నాను సార్” అంది.

 భోజనాల గంట కొట్టే వేళయింది. అది ఏ గంటో మీకెవరూ చెప్పనక్కర్లేదు. సెలవు.